అమ్మ పోపు పెట్టిన థాయ్ ముద్ద

నేను పిరికిదాన్ని. ఒప్పుకోవడానికి నాకేమీ నామోషీ లేదు. పాములకూ దయ్యాలకూ కాదు, నేను భయపడేది రొయ్యలకు. ముప్పై దాటి, యూనివర్సిటీలో పిహెచ్‌డీ చేస్తున్న మనిషి వేలెడంత లేని రొయ్యకు భయపడ్డమేమిటని నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. వాళ్ల గొంతు ఎప్పుడూ మూసుకుపోలేదు, అందుకే నవ్వు వస్తోంది.

ఇంటర్ చదివేటప్పుడు స్నేహితురాలి ఇంట్లో రొయ్యల బిర్యానీ తిన్నాను. నాలుగు ముద్దలు దిగాయో లేదో పెదవులు వాచిపోయాయి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, కళ్లు మూసుకుపోయాయి. సూది వేసిన డాక్టరు చేతులు కడుక్కుంటూ, "ఈసారి బయటపడ్డవ్. మళ్ల తింటే గొంతు మూస్కపోతది, చెప్తున్న" అన్నాడు. పక్కింటి మనిషితో కరెంటు పోతుందట అని చెప్పినంత తాపీగా అన్నాడు. ఆయన ఆ మాట మరిచిపోయే ఉంటాడు. నేను మాత్రం దానితోనే లేచి దానితోనే పడుకుంటున్నాను.

అప్పటినుంచి మెస్సులో, పెళ్లిళ్లలో, ఆఖరికి మిర్చి బజ్జీల బండి దగ్గర కూడా "ఇందుల రొయ్యలు లేవు గదా?" అని అడగనిదే ముద్ద ఎత్తను. బజ్జీలాయన ఒకసారి నన్ను ఎగాదిగా చూసి, "మిరపకాయల రొయ్య ఎట్ల దూరుతదమ్మా?" అన్నాడు. దూరదని నాకూ తెలుసు. అయినా అదే నూనెలో పొద్దున ఏం వేయించాడో ఎవరికి తెలుసు? బ్యాగులో ఎలర్జీ బిళ్లలు లేకుండా గడప దాటను.

మా అమ్మకు ఎండు రొయ్యలంటే ప్రాణం. చింతచిగురులో వేసి వండిందంటే చట్టి అడుగు గీకి మరీ తినేది. నాకు అలా అయిన రోజునుంచి ఇంట్లోకి ఒక్క రొయ్యను రానివ్వలేదు. సంతలో ఎండు చేపలమ్మేవాళ్లు కూర్చునే వరసలోకే వెళ్లదు. నోరూరదా అని నేనే ఒకసారి అడిగితే, "ఏం పాడు నోరే అది, బిడ్డ కన్న ఎక్కువనా?" అని కసిరింది.

తార్నాకలో ఒక సందులో మూడో అంతస్తు ఇల్లు నాది. కింది రెండు అంతస్తుల్లో కోచింగ్ పిల్లల హాస్టలు. నాతోపాటు ఒక రూమ్మేట్ ఉంటుంది. పక్కనే ఒక పరిశోధన సంస్థలో ఉద్యోగం, సముద్రం పక్క ఊరి పిల్ల. రొయ్యలు తినకుండా మనుషులు ఎలా బతుకుతారో ఆమెకు ఈనాటికీ అర్థం కాదు. అయినా నా కోసం ఇంట్లో రొయ్యలు వండడం మానేసింది. మంచి పిల్ల.

ఆమె పని మీద కొన్నాళ్లు బ్యాంకాక్ వెళ్లి, వచ్చేటప్పుడు థాయ్ గ్రీన్ కర్రీ పేస్ట్ ప్యాకెట్లు తెచ్చింది. తెచ్చిన రోజే నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "ఇదిగో చూడు, ఇందులో పచ్చిమిరపకాయలు, నిమ్మగడ్డి, థాయ్‌వాళ్ల అల్లం, కొత్తిమీర వేళ్లు ఉంటాయి. అన్నింటితోపాటు పులియబెట్టిన రొయ్యల ముద్ద కూడా వేసి నూరుతారు. నీకు ఇబ్బందైతే ఇప్పుడే మా ఆఫీసులో ఎవరికైనా ఇచ్చేస్తాను." ఆ మాట వినగానే నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. కానీ పాపం, అంత దూరం నుంచి మోసుకొచ్చుకుంది. వద్దనడానికి నోరు రాలేదు.

దానికి ఆమె పెద్ద ఏర్పాటే చేసింది. విప్పిన ప్యాకెట్‌ను గాలి చొరకుండా మడిచి, రబ్బరు బ్యాండు వేసి, ఎర్ర మూత డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచేది. తడి చెంచా తగిలితే బూజు పడుతుందని దానికంటూ ఒక పొడి చెంచా. నెలలోపు వాడుకోలేనిదాన్ని ఐసు గడ్డల ట్రేలో చెంచాడేసి వేసి గడ్డ కట్టించి, అవి కూడా ఇంకో ఎర్ర మూత డబ్బాలోకి ఎత్తి ఫ్రీజరులో దాచింది. వండేది నేను లేనప్పుడు. చిక్కటి కొబ్బరిపాలు నూనె తేలేదాకా కాచి, అందులో ఈ ముద్ద వేసి పచ్చివాసన పోయేదాకా వేయించి, ఆ తర్వాతే పల్చటి పాలూ కూరగాయలూ వేయాలట. నాకు చెప్పేది వినడమే తప్ప చూసింది లేదు. కూర వండిన రోజు కిటికీలన్నీ తెరిచి, గిన్నెలు తోమి, స్టవ్ తుడిచి, "రావచ్చు తల్లీ, శత్రువు వెళ్లిపోయాడు" అని ఫోన్ చేసేది. నేను ఫ్రిజ్ తలుపు చేయి బారున చాపి తీసేదాన్ని. డబ్బా లేచి మీద పడుతుందేమో అన్నట్టు!

మొన్న వానాకాలంలో అమ్మ మోకాళ్లు చూపించుకోవడానికి ఊరినుంచి వచ్చింది. సరిగ్గా ఆ ముందురోజు రాత్రే రూమ్మేట్ వాళ్ల అన్న పెళ్లికని ఊరెళ్లింది. అమ్మ బ్యాగు కింద పెట్టకముందే నేను ఫ్రిజ్ తెరిచి చూపించాను.

"గీ ఎర్ర మూత డబ్బాలు ముట్టకు అమ్మా. దీంట్ల రొయ్యలున్నయి."

అమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "అయ్యో, ఇంట్ల ఎందుకు పెట్టనిచ్చినవే?" అని నన్నే తిట్టింది. ఆ డబ్బాలను ముట్టలేదు. ముట్టలేదంటే నిజంగానే ముట్టలేదు. ఆ రోజే కరెంటు పోయి ఫ్రిజ్‌లోంచి నీళ్లు కారితే, నేను క్యాంపస్‌కు వెళ్లాక అంతా తుడిచింది కానీ, ఆ డబ్బాల చుట్టూ గుడ్డ తిప్పిందే తప్ప డబ్బాకు వేలు తగలనివ్వలేదు.

మాకిద్దరికీ తెలియనిది ఒకటుంది. రూమ్మేట్ బస్సు టైమవుతోందన్న హడావుడిలో ఆ రాత్రి నేను లైబ్రరీలో ఉండగా కూర వండుకుని తిని, సగం ప్యాకెట్‌ను డబ్బాలో పెట్టడం మరిచి, ఫ్రిజ్ తలుపు అరలో కెచప్ సీసా పక్కన దూర్చేసి వెళ్లిపోయింది.

అమ్మ వచ్చిన మర్నాడు నేను డిపార్ట్‌మెంట్‌కు అమ్మ కట్టిచ్చిన టిఫిన్ డబ్బా పట్టుకెళ్లాను. మధ్యాహ్నం స్కాలర్ల గదిలో నేనూ, మా జూనియర్ అమ్మాయీ కూర్చుని డబ్బాలు విప్పాం. నా డబ్బాలో అన్నం, పక్కన పచ్చటి తొక్కు. పైన ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, దంచిన వెల్లుల్లితో పోపు. నూనె పైకి తేలి నిగనిగలాడుతోంది.

"అక్కా, వాసన మస్తున్నది. ఆంటీ చేసిందా?" అంది జూనియర్.

"మరి! కొత్తిమీర తొక్కు. నిమ్మకాయ కూడా పిండినట్టుంది" అని గొప్పలు పోయాను. అన్నంలో కలిపి తిన్నాను. ఉప్పు కొంచెం ఎక్కువైంది. కరోనా వచ్చి పోయినప్పటినుంచి అమ్మకు వాసన తెలియదు, నాలుకకు ఉప్పూ కారం కూడా ఏదో అందాజుగా తెలుస్తాయి. అందుకే అనుకుని ఇంకో ముద్ద తిన్నాను.

ముందు పెదవి దురద పెట్టింది. కారమేమో అనుకున్నాను. తర్వాత చెవుల లోపల దురద. అరచేతులు మండాయి. నాలుక నా నోట్లోది కానట్టు మందంగా అయింది. చెంచా కింద పెట్టేశాను. ఇది కారం కాదు, నాకు తెలుసు. ఇంటర్‌లో వచ్చిందే మళ్లీ వచ్చింది. కానీ ఎలా వస్తుంది? అన్నం అమ్మది, డబ్బా అమ్మది. అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, ఏం తొక్కే ఇది?"

"కొత్తిమీర తొక్కు. గా పిల్లది ఫ్రిజ్ తలుపుల ఉండె గద, రబ్బర్ ఏసి. కరెంట్ పోయిందని పాడైతదేమో అని సీసాల తీసి పోపేసిన. ఎందుకు, మంచిగ లేదా?"

 రబ్బరు బ్యాండు. పచ్చటి ముద్ద.  జవాబు చెప్పేలోపే ఒక ఆలోచన వచ్చి అడ్డం పడింది. నేను ఇప్పుడు పోతే, అమ్మ తన చేత్తో పెట్టిన అన్నం తిని పోయినట్టు. ఆ మాటతో ఆమె ఒక్క పూట కూడా బతకదు. "మంచిగనే ఉన్నదే" అని ఫోన్ పెట్టేశాను.

బిళ్ల మింగాను. మింగడమే కష్టమైంది. జూనియర్ నా మొహం చూసి, "అక్కా, నీ కండ్లు!" అని అరిచింది. తొక్కులో రొయ్యలున్నాయని, ఆసుపత్రికి పోవాలని ఎలాగో చెప్పాను. నా గొంతు నాకే ఎవరిదోలా, గరగరమంటూ వినిపించింది. ఆ పిల్ల ఒక్క ప్రశ్న అడగలేదు. నా చెయ్యి పట్టుకుని మెట్లు దించి, స్కూటీ మీద కూర్చోబెట్టి, "గట్టిగ పట్కో అక్కా, వదలకు" అంది.

క్యాంపస్ రోడ్డు ఆ రోజు ఎంత పొడుగ్గా ఉందో చెప్పలేను. చెట్ల కింద గ్రూప్స్‌కు చదివే పిల్లలు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. ఎవరో గట్టిగా నవ్వుతున్నారు. వాళ్లందరి మీదా నాకు కోపం వచ్చింది. ఊపిరి లోపలికి పోతోంది కానీ పైపైనే ఆగిపోతోంది. ఒక్కో శ్వాసకూ ఈల వేసినట్టు చప్పుడు. పొట్టలో మెలితిప్పేస్తోంది. చావు ఇలా ఉంటుందా, ఇంత చికాకుగా, ఇంత ఎండలో, స్కూటీ మీద? నేను దేవుణ్ని తలుచుకోలేదు. డాక్టరు చేతులు కడుక్కోవడమే కళ్ల ముందు ఆడింది.

తార్నాక సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడింది. ముందు ఒక కారు, పక్కన ఆటో, వెనక సిటీ బస్సు. జూనియర్ హారన్ మీద చెయ్యి తీయలేదు. "అన్నా, జరగుండ్రి, ఆమెకు ఊపిరాడ్తలేదు!" అని అరిచింది. ఆటో అన్న నా వైపు తిరిగి చూసి, ఏం కనపడిందో ఏమో, గబుక్కున ఆటోను ఫుట్‌పాత్ మీదికి ఎక్కించి దారిచ్చాడు. ఆయన మొహంలో భయం చూసి నా పై ప్రాణాలు పైనే పోయాయి. నా బ్యాగులో ఫోన్ మోగుతూనే ఉంది. అమ్మ. ఎత్తే ఓపిక లేదు, ఎత్తి చెప్పే ధైర్యమూ లేదు.

ఆసుపత్రిలో ఒక లేడీ డాక్టరు నన్ను చూస్తూనే మాట్లాడకుండా తొడలో సూది పొడిచింది. మాస్కు పెట్టారు, చేతికి సెలైను పెట్టారు. గుండె దడదడలాడి, ఒళ్లంతా కంపించిపోయింది. మెల్లగా, ఎవరో లోపల ముడి వదులు చేస్తున్నట్టు, గాలి కిందిదాకా దిగడం మొదలైంది. ఏడవాలనిపించింది. ఏడిస్తే మళ్లీ ఊపిరాడదేమోనని భయమేసి ఆపుకున్నాను.

నా ఫోన్ జూనియర్ ఎత్తింది. ఎత్తకుండా ఎలా ఉంటుంది, అన్నిసార్లు మోగితే. "ఏం తిన్నదో అది తీస్కరమ్మంటున్నరు ఆంటీ" అని చెప్పింది. అమ్మ ఆ మోకాళ్లతో మూడంతస్తులూ దిగి, ఆటో ఎక్కి వచ్చింది. కొంగు చాటున గాజు సీసా. లోపలికి వస్తూనే సీసా మూత తీసి డాక్టరు ముందు పెట్టింది.

"గిదే పెట్టిన మేడం. కొత్తిమీర తొక్కు. నేను సుత తిన్న, నాకేం కాలె."

థాయ్ పేస్ట్ సంగతి నేను అప్పటికే డాక్టరుకు చెప్పాను; ఆమె ఓసారి వాసన చూసింది. "ఇది కొత్తిమీర తొక్కు కాదమ్మా. థాయ్ పేస్ట్. ఇందులో రొయ్యలుంటాయి."

"రొయ్యలా?" అమ్మ సీసాలోకి తొంగి చూసింది. "తల లేదు, తోక లేదు. ఆకు తొక్కు గద మేడం? రొయ్యలు ఎర్ర మూత డబ్బాల ఉన్నయి. నేను ముట్టలే. ఒట్టు, నేను ముట్టలే."

"నూరేస్తారమ్మా అందులో."

అమ్మ నా వైపు తిరిగింది. మాస్కు కింద నా వాచిన మొహం, సగం మూసుకుపోయిన కళ్లు. నేను ఏమీ కాలేదన్నట్టు చెయ్యి ఊపాను. ఆమె ఆ చెయ్యి చూడలేదు. సీసా మూత బిగించింది. బిగించిన తర్వాత కూడా ఇంకా ఇంకా బిగిస్తూనే ఉంది. నర్సు వచ్చి సీసా చేతిలోంచి తీసుకోవలసి వచ్చింది.

తగ్గినట్టే తగ్గి మళ్లీ రావచ్చు, సాయంత్రందాకా ఉండాలన్నారు. అన్నట్టే వచ్చింది. జూనియర్ టీ తాగడానికి వెళ్లినప్పుడు నా మెడ మీద దద్దుర్లు లేచాయి, గొంతులో మళ్లీ ఆ ముడి. మొదటిసారి కన్నా ఎక్కువ భయపడ్డాను, ఎందుకంటే ఈసారి ఏం జరుగుతుందో తెలుసు. అమ్మ లేచి వరండాలోకి వెళ్లి "మేడం! మేడం!" అని పెట్టిన కేకలాంటిది నేను నా జన్మలో వినలేదు. పొలంలో పాము కనిపించినా అమ్మ అలా అరిచే మనిషి కాదు. ఇంకో సూది వేశారు. నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని అమ్మ గోడను చూస్తూ కూర్చుంది. నా మొహం చూడ్డానికి ఆమెకు భయంగా ఉంది. నాకు అర్థమైంది.

రాత్రి బాగా పొద్దుపోయాక ఇంటికి పంపారు. అమ్మ నన్ను పడుకోబెట్టి వంటింట్లోకి వెళ్లి, ఉన్న గిన్నెలన్నీ తోమింది. వాడనివి కూడా తోమింది. పోపు గరిటెను బయట చెత్తబుట్టలో పారేసింది. రూమ్మేట్ ఫోన్ చేసి పెళ్లి మేళాల మధ్యలో వెక్కి వెక్కి ఏడ్చింది. "నేనే డబ్బాలో పెట్టలేదు, నేనే చంపేసేదాన్ని" అంటూ ఒకటే ఏడుపు. నేను ఆమెను ఓదార్చలేక, "పోవే, పెళ్లి భోజనం చెయ్యి" అన్నాను. అమ్మ మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు. నన్ను తిట్టినా బాగుండేది. రోజంతా నోరాగని మనిషి మాట్లాడకుండా తిరుగుతుంటే నాకు ఆ ఇల్లే కొత్తగా అనిపించింది.

మర్నాడు పొద్దున లేచేసరికి అమ్మ బ్యాగు సర్దుకుంటోంది.

"ఏడికే?"

"ఊరికి పోత. నేనుంటే నీ పాణం తీస్త."

"పాణం ఉన్నదే. చూడు, మాట్లాడుతున్న. మోకాళ్లు చూపించుకోకుండ ఏడికి పోతవు?"

మధ్యాహ్నందాకా బతిమాలాను, అలిగాను, ఒకసారి అరిచాను కూడా. ఆఖరికి బ్యాగు మూలన పెట్టి అన్నం వండింది. ముద్దపప్పు, నెయ్యి, అంతే. నాకు ఇంకా చేతులు వణుకుతున్నాయని తనే కలిపి, ముద్ద చేసి నా నోటి దగ్గరికి తెచ్చింది.

నా నోరు తెరుచుకోలేదు.

నేను కావాలని చేసింది కాదు. ఒట్టు పెట్టి చెప్తాను. తెరవాలనే అనుకున్నాను. పెదవులు వాటంతట అవే బిగుసుకుపోయాయి. అంతలోనే బజ్జీల బండి దగ్గర, మెస్సులో, పరాయివాళ్లను అడిగే గొంతు నాలోంచి వచ్చేసింది.

"ఏం ఏసినవే ఇందుల?"

పుట్టి బుద్ధెరిగాక అమ్మ చేతి ముద్దను నేను అలా అడగడం అదే మొదటిసారి. అడిగాక నాలుక కోసేసుకోవాలనిపించింది. అమ్మ చెయ్యి గాలిలోనే ఆగింది. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. బళ్లో పాఠం అప్పజెప్పే పిల్లలా, నన్ను చూస్తూ ఒక్కొక్కటే చెప్పింది.

"కందిపప్పు. బియ్యం. ఉప్పు. పసుపు. నెయ్యి. నీళ్లు."

చెప్పి, ఆ ముద్ద తనే నోట్లో పెట్టుకుంది. నమిలి మింగి, కళ్లు మూసుకుని కూర్చుంది.

"నువ్వు తింటే ఏం తెల్వదే అమ్మా" అన్నాను.  "నీకేం కాదు. అయితే నాకే అయితది."

"తెల్వకపోతే పాయె" అంది అమ్మ, కళ్లు తెరవకుండానే. "ఏమన్న అయితే ముందుగాల్ల నాకు గావాలె."

చాలాసేపు అలాగే కూర్చుంది.  తర్వాత కళ్లు తెరిచి ఇంకో ముద్ద కలిపింది. ఆమె భయం నాకు కనిపిస్తోంది. నా భయం ఆమెకు కనిపిస్తోంది. ఇద్దరం దాచుకోలేకపోయాం. నేను నోరు తెరిచాను.